జేపీజీ కావాలంటే ఇంకేదో వస్తోందా? బొమ్మల ఫైళ్ల ఫార్మాట్ చిక్కులు విప్పుకోవడం ఎలా

ఫొటోలో వెలుతురు సరిచేశారు, అంచులు కత్తిరించారు, కంట్రోల్, ఎస్ మీటలు కలిపి నొక్కారు, ఫైలు పంపేశారు. కాసేపటికి అవతలి నుంచి జవాబు వస్తుంది: "ఇది మా దగ్గర తెరుచుకోవడం లేదు." ఫోల్డర్‌లోకి వెళ్లి చూస్తే జేపీజీ ఉండాల్సిన చోట ఎక్స్‌సీఎఫ్ అనో పీఎస్‌డీ అనో (ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ల సొంత ఫైలు రకాలు) ఉంటుంది. కొందరికి పేరు చివర జేపీజీ అనే ఉంటుంది గానీ, అప్‌లోడ్ చేయబోతే వెబ్‌సైటు వద్దంటుంది. ఇంకొందరికి సేవ్ చేసే పెట్టెలో జేపీజీ అన్న మాటే కనిపించదు.

పైకి మూడూ ఒకే జబ్బులా ఉంటాయి. మందులు మాత్రం వేరు. అందుకే "డిఫాల్ట్ ఫార్మాట్ మార్చడం ఎలా" అని సెట్టింగులన్నీ తిరగేసినవాళ్లు తరచూ ఉత్త చేతులతో తిరిగొస్తారు. ఒక్కచోట నొక్కితే ఇకపై అన్నీ జేపీజీలోనే సేవ్ అయ్యే ఏర్పాటు చాలా సాఫ్ట్‌వేర్లలో అసలు లేదు. మీ ఫైలు ఏ రకంగా సేవ్ అవుతుందో నాలుగు విషయాలు తేలుస్తాయి: సాఫ్ట్‌వేర్‌కు ఉన్న సొంత ఫైలు రకం, మీరు తెరిచిన ఫైలు రకం, ఆ సమయానికి బొమ్మ ఉన్న స్థితి, కిందటిసారి మీరు ఎంచుకున్నది. ఈ నాలుగింటిలో మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నది ఏదో పట్టుకుంటే మిగిలింది నిమిషం పని.

ముందు చేతిలో ఉన్నది ఏమిటో తేల్చుకోండి

సాఫ్ట్‌వేర్ తెరవకముందే చేయాల్సిన పని ఇది. ఫైలు పేరు చివర చుక్క తర్వాత వచ్చే అక్షరాలను ఎక్స్‌టెన్షన్ అంటారు. విండోస్ మామూలుగా దాన్ని దాచిపెడుతుంది. ఈ దాపరికమే సగం గందరగోళానికి మూలం. విండోస్ 11లో ఏదైనా ఫోల్డర్ తెరిచి పైన వ్యూ, అందులో షో, అందులో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ అన్నదానికి టిక్కు పెట్టండి. విండోస్ 10లో వ్యూ ట్యాబ్‌లోనే ఆ టిక్కు గడి ఉంటుంది. మ్యాక్‌లో అయితే ఫైండర్ సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్, షో ఆల్ ఫైల్‌నేమ్ ఎక్స్‌టెన్షన్స్.

టిక్కు పెట్టగానే కొన్ని వింతలు బయటపడతాయి. "ఫొటో డాట్ జేపీజీ" అని మీరు అనుకుంటున్న ఫైలు అసలు పేరు "ఫొటో డాట్ జేపీజీ డాట్ పీఎన్‌జీ" అని తేలవచ్చు. మీరు పేరులో జేపీజీ అని టైపు చేశారు, కింద రకం ఎంచుకునే గడిలో పీఎన్‌జీ అలాగే ఉండిపోయింది, సాఫ్ట్‌వేర్ తన వంతు ఎక్స్‌టెన్షన్ తాను తగిలించింది. విండోస్ చివరి ముక్కను దాచేసి మీకు ముందుదాన్నే చూపిస్తూ వచ్చింది. అంటే చిక్కు సెట్టింగులో లేదు, ఆ కింది గడిలో ఉంది. మళ్లీ సేవ్ చేసేటప్పుడు పేరుకన్నా ముందు ఆ గడిని మార్చండి.

ఎక్స్‌టెన్షన్ కనిపించినంత మాత్రాన నమ్మేయకండి. అది డబ్బా మీద అంటించిన చీటీ లాంటిది, లోపలి సరుకుతో దానికి సంబంధం ఉండాలని ఏమీ లేదు. లోపల ఏముందో చూడాలంటే ఒక మోటు పద్ధతి ఉంది, కానీ బాగా పనిచేస్తుంది. ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరవండి. స్క్రీన్ నిండా పిచ్చి గీతలు, గుర్తులు వస్తాయి, కంగారు పడకండి. మొదటి వరుస మొదట్లోనే చూడండి. పీఎన్‌జీ అయితే ఆ మూడు ఇంగ్లిష్ అక్షరాలూ స్పష్టంగా ఉంటాయి. జేపీజీ అయితే సాధారణంగా జేఎఫ్ఐఎఫ్ అనో ఎగ్జిఫ్ అనో కనిపిస్తుంది. వెబ్‌పీ ఫైలు రిఫ్ అన్న నాలుగు అక్షరాలతో మొదలై, కాస్త పక్కన వెబ్‌పీ అని చెబుతుంది. గిఫ్ తన పేరుతోనే మొదలవుతుంది, పక్కన సాధారణంగా 89 అనే అంకె, ఒక ఏ అక్షరం ఉంటాయి. ఫొటోషాప్ ఫైలైతే 8, ఆ వెంటే బీపీఎస్. ఐఫోన్ తీసే హెచ్ఈఐసీ రకం ఫొటో అయితే మొదట్లో ఎఫ్‌టీవైపీ, ఆ పక్కన హెచ్ఈఐసీ. చూశాక నోట్‌ప్యాడ్‌ను సేవ్ చేయకుండా మూసేయండి. పొరపాటున సేవ్ చేస్తే బొమ్మ పాడైపోతుంది. కాబట్టి ఈ పరీక్ష నకలు మీద చేయడమే మంచిది.

ఈ పరీక్ష నేను నేర్చుకున్నది అవసరం కొద్దీ. ఒకసారి నలభై దాకా పీఎన్‌జీ ఫైళ్లను జేపీజీలు చేయాల్సి వచ్చి, అన్నింటికీ పేరు చివర అక్షరాలు మార్చేసి చేతులు దులుపుకున్నాను. నా కంప్యూటర్‌లో అన్నీ చక్కగా తెరుచుకున్నాయి. ఎందుకంటే బొమ్మలు చూపించే ప్రోగ్రాములు చాలావరకు పేరును పట్టించుకోవు, లోపలి మొదటి బైట్లను చూసి అర్థం చేసుకుంటాయి. అప్‌లోడ్ చేసిన చోట మాత్రం తనిఖీ గట్టిది. నలభైకి నలభై తిరిగొచ్చాయి.

పేరు మారిస్తే ఫార్మాట్ మారదు. దీనికి నిజమైన మినహాయింపు ఒకే రకం పేర్ల మధ్య ఉంది. జేపీజీ, జేపీఈజీ, జేఎఫ్ఐఎఫ్ మూడూ లోపల ఒకటే, పేరు మార్చుకుంటే చాలు. టీఐఎఫ్, టీఐఎఫ్ఎఫ్ కూడా అంతే. బ్రౌజర్‌లో బొమ్మను దించుకుంటే జేఎఫ్ఐఎఫ్ అని వచ్చి కొందరిని భయపెడుతుంది. అది ఏ వైరసూ కాదు. కొన్ని విండోస్ కంప్యూటర్లలో జేపెగ్ (అంటే జేపీజీయే) రకానికి ఆ ఎక్స్‌టెన్షన్ నమోదై ఉంటుంది, అంతే. చివర జేపీజీ అని మార్చి వాడుకోండి.

సేవ్ వేరు, ఎక్స్‌పోర్ట్ వేరు

ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే, అందులోనూ గింప్ అనే ఉచిత ఫొటోల దిద్దుబాటు సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు. గింప్ 2.8 వెర్షన్ 2012లో వచ్చింది. అప్పటి నుంచి అందులో సేవ్, సేవ్ యాజ్ అన్నవి గింప్ సొంత రకమైన ఎక్స్‌సీఎఫ్‌కే పరిమితం. సేవ్ యాజ్ పెట్టెలో పేరు చివర జేపీజీ అని రాసి చూడండి. ఒప్పుకోదు. ఇక్కడ ఎక్స్‌సీఎఫ్ మాత్రమే కుదురుతుంది, మిగతావాటికి ఎక్స్‌పోర్ట్‌కు వెళ్లండి అని ఒక పెట్టె చూపిస్తుంది.

చాలామందికి ఇది చాదస్తంలా అనిపిస్తుంది. నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ కారణం ఉంది. మీరు వేసిన లేయర్లు (ఒకదానిపై ఒకటి పరిచిన పొరలు), మాస్కులు (పొరలో కొంత భాగాన్ని దాచే తెరలు), మళ్లీ మార్చుకోగలిగే అక్షరాలు జేపీజీలో పట్టవు. జేపీజీ ఒకే ఒక్క పలచటి పొర. అందులో సేవ్ చేయడమంటే పని మొత్తాన్ని ఇస్త్రీ చేసి ఒక్క ముక్కగా అతికించడం. మర్నాడు తెరిచి "ఈ అక్షరాలు కాస్త పక్కకు జరుపుదాం" అనుకుంటే జరపడానికి అక్కడ అక్షరాలు ఉండవు, చుక్కలే ఉంటాయి. పని దాచుకోవడాన్ని సేవ్ అని, బయటివాళ్లకు ఇచ్చే బొమ్మ తీయడాన్ని ఎక్స్‌పోర్ట్ అని గింప్ విడగొట్టింది.

చేయాల్సింది ఇది. పని ముగిశాక షిఫ్ట్, కంట్రోల్, ఈ మీటలు కలిపి నొక్కండి. ఎక్స్‌పోర్ట్ పెట్టె తెరుచుకుంటుంది. పేరు చివర మీకు కావలసిన ఎక్స్‌టెన్షన్ మీరే టైపు చేయండి. కింద సెలెక్ట్ ఫైల్ టైప్ అన్న చోట బై ఎక్స్‌టెన్షన్ అని ఉంటే, మీరు టైపు చేసిన అక్షరాలను బట్టే ఫార్మాట్ నిర్ణయమవుతుంది. అక్కడ ఎప్పుడో ఎంచుకున్న వేరే రకం ఉండిపోతే, పేరుకూ రకానికీ పొంతన లేదని హెచ్చరిస్తుంది. అలా హెచ్చరించినప్పుడు కొనసాగించకండి. వెనక్కి వచ్చి రెండూ కలిసేలా చూడండి.

తెరిచిన జేపీజీ మీదే మార్పు రాసేయాలంటే ఫైల్ మెనూలో ఓవర్‌రైట్ అని ఆ ఫైలు పేరుతో సహా ఒక వరుస ఉంటుంది. రోజూ వందల ఫొటోలు కత్తిరించి అదే పేరుతో దాచేవాళ్లు ఎడిట్ మెనూలో కీబోర్డ్ షార్ట్‌కట్స్ తెరిచి, ఓవర్‌రైట్ అని వెతికి, దానికి ఒక మీటల జత కేటాయించుకుంటారు. కంట్రోల్, ఎస్ మీటలనే దీనికి ఇచ్చేసేవాళ్లూ ఉన్నారు. నేను ఆ పని చెయ్యను. అలవాటుగా వేళ్లు నొక్కే మీటలకు అసలు ఫొటోను చెరిపేసే అధికారం ఇవ్వడం నాకు నచ్చదు.

ఎక్స్‌పోర్ట్ చేశాక గింప్‌ను మూయబోతే "మార్పులు సేవ్ కాలేదు" అంటుంది. మళ్లీ కంగారు. అది చెబుతున్నది ఎక్స్‌సీఎఫ్ గురించి. ఫలానా చోటికి ఎక్స్‌పోర్ట్ అయిందని అదే పెట్టెలో ఇంకో వాక్యం ఉంటుంది, చదవండి. లేయర్లతో మళ్లీ పని లేదనుకుంటే మార్పులను వదిలేసి నిశ్చింతగా మూసుకోవచ్చు.

గింప్‌లో ఎక్స్‌పోర్ట్‌కు డిఫాల్ట్ రకాన్ని మార్చుకునే వీలు నిజంగానే ఉంది. ఎడిట్, ప్రిఫరెన్సెస్, ఇమేజ్ ఇంపోర్ట్ అండ్ ఎక్స్‌పోర్ట్ దగ్గర డిఫాల్ట్ ఎక్స్‌పోర్ట్ ఫైల్ టైప్ అని కనిపిస్తుంది. మొదట అక్కడ పీఎన్‌జీ ఉంటుంది, జేపెగ్ పెట్టుకోండి. పెట్టుకున్నాక కూడా ఒక్కోసారి మాట విననట్టే ఉంటుంది. దానికి కారణం వరుసక్రమం. ఈ బొమ్మను ఇంతకుముందు ఎక్స్‌పోర్ట్ చేసి ఉంటే అదే రకాన్ని మొదట చూపిస్తుంది. అలా చేయలేదంటే, మీరు తెరిచిన ఫైలు ఏ రకమో దాన్ని చూపిస్తుంది. మీ సెట్టింగ్ ప్రధానంగా చెల్లేది కొత్త కాన్వాస్ మీద మొదలుపెట్టిన బొమ్మలకే.

ఫొటోషాప్‌లో జేపీజీ మాయమైతే

2021 మే నెలలో వచ్చిన 22.4 వెర్షన్‌తో ఫొటోషాప్ సేవ్ యాజ్ పద్ధతిని మార్చింది. పాత అలవాటున్నవాళ్లు సేవ్ యాజ్ తెరిస్తే జేపెగ్, పీఎన్‌జీ జాబితాలో లేవు. కొత్త పద్ధతిలో సేవ్ యాజ్ అన్నది బొమ్మలో ఉన్న హంగులన్నింటినీ ఉన్నవి ఉన్నట్టు దాచగల రకాలనే చూపిస్తుంది. లేయర్లు ఉన్న బొమ్మకు పీఎస్‌డీ, పీఎస్‌బీ, టిఫ్, పీడీఎఫ్ లాంటివే వస్తాయి. జేపెగ్ కోసం సేవ్ ఎ కాపీ నొక్కాలి. సేవ్ యాజ్ పెట్టెలోనే అక్కడికి తీసుకెళ్లే బొత్తం కూడా ఉంది.

ఇది నచ్చకపోతే పాత దారికి మళ్లవచ్చు. ఎడిట్ మెనూలో ప్రిఫరెన్సెస్, ఫైల్ హ్యాండ్లింగ్ తెరవండి (మ్యాక్‌లో ప్రిఫరెన్సెస్ ఫొటోషాప్ మెనూ కింద ఉంటుంది). అక్కడ ఎనేబుల్ లెగసీ సేవ్ యాజ్ అన్నదానికి టిక్కు పెట్టండి. అదే చోట, నకలు తీసినప్పుడు పేరు చివర కాపీ అన్న మాట చేరకుండా ఆపే టిక్కు కూడా ఉంది. రోజూ వాడేవాళ్లు రెండూ పెట్టుకుంటే ప్రాణం హాయిగా ఉంటుంది. కాకపోతే రెండో టిక్కుతో జాగ్రత్త. కాపీ అన్న మాట లేకపోతే అసలు జేపీజీ ఉన్న ఫోల్డర్‌లోనే అదే పేరుతో రాసేసే అవకాశం పెరుగుతుంది.

సేవ్ ఎ కాపీలో కూడా జేపెగ్ కనిపించకపోతే చిక్కు బొమ్మ స్థితిలో ఉంది. ఇమేజ్ మెనూలో మోడ్ తెరిచి చూడండి. 32 బిట్స్ పర్ ఛానల్ అని ఉంటే జేపెగ్ రాదు. 8 బిట్స్‌కు మార్చాలి. మార్చేటప్పుడు వెలుగునీడలను ఎలా కుదించాలో అడిగే హెచ్‌డీఆర్ టోనింగ్ పెట్టె వస్తుంది, అది మామూలే. బిట్‌మ్యాప్ (నలుపు తెలుపులే), ఇండెక్స్‌డ్ కలర్ (పరిమిత రంగుల జాబితా) మోడ్‌లు కూడా జేపెగ్‌కు అడ్డే. గిఫ్ ఫైలు తెరిచినప్పుడు అది ఇండెక్స్‌డ్ మోడ్‌లోనే తెరుచుకుంటుంది. లేయర్ల పలకలో ఇండెక్స్ అన్న పేరు, పక్కన తాళం గుర్తు ఉంటే కారణం అదేనని ఖాయం చేసుకోవచ్చు. స్క్రీన్ మీద వాడే రంగుల పద్ధతి అయిన ఆర్‌జీబీ కలర్‌కు మార్చగానే జేపెగ్ మళ్లీ జాబితాలోకి వస్తుంది. మోడ్ మార్చే ముందు ఇమేజ్ మెనూలో డుప్లికేట్ నొక్కి నకలు మీద మార్చండి.

పీఎన్‌జీ కనిపించకపోతే ముందు అనుమానించాల్సింది సీఎంవైకే. అది అచ్చు పనికి వాడే రంగుల పద్ధతి. పీఎన్‌జీకి సీఎంవైకే తెలియదు కాబట్టి ఫొటోషాప్ దాన్ని చూపించదు. జేపెగ్‌కు తెలుసు. అందుకే అచ్చు కోసం చేసిన బొమ్మను జేపెగ్‌గా పంపితే కొన్ని ప్రోగ్రాముల్లో రంగులు వెర్రెత్తినట్టు కనిపిస్తాయి. స్క్రీన్ మీద చూసుకోవడానికే అయితే ఆర్‌జీబీకి మార్చి పంపడం ఇద్దరికీ మేలు.

ఇంకో చిన్న ఉచ్చు. ఒక జేపీజీని తెరిచి రంగులు మాత్రమే సరిచేసి సేవ్ నొక్కితే అది జేపీజీగానే సేవ్ అవుతుంది. అదే ఫొటో మీద ఒక్క అక్షరం రాసి సేవ్ నొక్కండి, పీఎస్‌డీ అని అడుగుతుంది. నిన్నటి వరకు బాగానే ఉన్నది ఇవాళ పాడైందని అనుకుంటారు గానీ పాడైంది ఏమీ లేదు, కొత్త లేయర్ చేరింది. బ్యాక్‌గ్రౌండ్ అన్న లేయర్ మీద రెండుసార్లు నొక్కి లేయర్ 0గా మార్చినా ఇదే జరుగుతుంది. చాలామంది చేసేదీ తెలియకుండా ఇదే. లేయర్లు ఇక అక్కర్లేకపోతే లేయర్ మెనూలో ఫ్లాటెన్ ఇమేజ్ నొక్కండి, జేపెగ్ తిరిగొస్తుంది. కానీ లేయర్లున్న రూపాన్ని ముందే పీఎస్‌డీగా దాచుకున్నాకే నొక్కండి.

ఫైలు సేవ్ అయిందంటుంది, ఫోల్డర్‌లో వెతికితే ఉండదు. ఇదీ ఫార్మాట్ చిక్కే. మొదటిసారి సేవ్ చేసినప్పుడు కంప్యూటర్‌లోనా, క్లౌడ్‌లోనా అని అడిగిన పెట్టెలో క్లౌడ్ నొక్కి ఉంటే అది పీఎస్‌డీసీ అనే రకంగా అక్కడికి వెళ్తుంది. ఆ ఫైల్ హ్యాండ్లింగ్ పలకలోనే డిఫాల్ట్ ఫైల్ లొకేషన్‌ను ఆన్ యువర్ కంప్యూటర్ అని మార్చుకోండి.

బొమ్మ మరీ పెద్దదైతే పీఎస్‌డీ కూడా చేతులెత్తేస్తుంది. దానికి ఒక వైపు 30,000 పిక్సెళ్లు (బొమ్మలోని చుక్కలు), ఫైలు పరిమాణం 2 జీబీ హద్దు. అది దాటితే పెద్ద బొమ్మల కోసం ఫొటోషాప్‌కు ఉన్న పీఎస్‌బీ రకం వాడాలి. వెబ్‌పీ హద్దు ఇంకా చిన్నది, ఒక వైపు 16,383 పిక్సెళ్లే.

ఇవన్నీ అక్కర్లేదు, ఒక్క నొక్కుతో జేపీజీ వస్తే చాలంటారా? ప్రిఫరెన్సెస్‌లో ఎక్స్‌పోర్ట్ తెరిచి క్విక్ ఎక్స్‌పోర్ట్ ఫార్మాట్‌ను పీఎన్‌జీ నుంచి జేపీజీకి మార్చండి. ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ కింద "క్విక్ ఎక్స్‌పోర్ట్ యాజ్ జేపీజీ" అని మారిపోతుంది. నా ఉద్దేశంలో డిఫాల్ట్ మార్పు కోరేవాళ్లలో ఎక్కువమందికి నిజంగా కావలసింది ఇదే.

మిగతా సాఫ్ట్‌వేర్లు

వీటి గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు, సూత్రం అదే. క్రిటా సొంత రకం కేఆర్‌ఏ. సేవ్ యాజ్ పెట్టెలోనే జేపెగ్, పీఎన్‌జీ ఉంటాయి, లేయర్లు పోతాయని హెచ్చరించి మరీ సేవ్ చేస్తుంది. పెయింట్ డాట్ నెట్‌కు పీడీఎన్. లేయర్లు ఉండగా జేపెగ్ ఎంచుకుంటే ఫ్లాటెన్ చేయాలంటుంది, ఒప్పుకోండి. అఫినిటీలో జేపీజీ కావాలంటే ఫైల్ మెనూలోని ఎక్స్‌పోర్ట్ దారి పట్టాలి. లైట్‌రూమ్‌లో మీరు చేసిన దిద్దుబాట్లు ఫొటో మీద కాకుండా పక్కన రాసి ఉంటాయి. ఎక్స్‌పోర్ట్ చేస్తే గానీ దిద్దిన జేపీజీ పుట్టదు.

విండోస్ పెయింట్ కొత్త బొమ్మకు పీఎన్‌జీ చూపిస్తుంది, తెరిచిన జేపీజీని జేపీజీగానే సేవ్ చేస్తుంది. ఫైల్ మెనూలో సేవ్ యాజ్ మీద ఉంటే పక్కన రకాల జాబితా వస్తుంది, అక్కడి నుంచి నేరుగా ఎంచుకోండి. మ్యాక్ ప్రివ్యూలో సేవ్ యాజ్ కనిపించక విసుక్కునేవారికి ఒక కిటుకు: ఆప్షన్ మీట నొక్కిపట్టి ఫైల్ మెనూ తెరవండి, అది ప్రత్యక్షమవుతుంది. ఎక్స్‌పోర్ట్ పెట్టెలో ఫార్మాట్ జాబితాను కూడా ఆప్షన్ నొక్కిపట్టి తెరిస్తే మామూలుగా కనిపించని రకాలు కొన్ని బయటికొస్తాయి.

ఒక అపోహ ఇక్కడే తీర్చేయాలి. విండోస్ సెట్టింగుల్లోని డిఫాల్ట్ యాప్స్‌లో జేపీజీకి ఏ ప్రోగ్రామ్ ఎంచుకున్నా, అది ఫైలును దేనితో తెరవాలో చెప్పడానికే. సేవ్ అయ్యే రకంతో దానికి ఏ సంబంధమూ లేదు. అక్కడ ఎంతసేపు కుస్తీ పట్టినా ఫలితం ఉండదు.

వచ్చిన ఫైలే వేరే రకమైతే

తెరిచిన ఫైలు రకాన్నే చాలా సాఫ్ట్‌వేర్లు తిరిగి సేవ్ చేయడానికి ఎంచుకుంటాయన్నాను కదా. ఐఫోన్లు 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఫొటోలను హెచ్ఈఐసీ రకంలో తీస్తున్నాయి. చోటు తక్కువ తింటుంది, కానీ అన్నిచోట్లా తెరుచుకోదు. ఇకపై తీసే ఫొటోలు జేపీజీలో రావాలంటే ఫోను సెట్టింగుల్లో కెమెరా, అందులో ఫార్మాట్స్, అందులో మోస్ట్ కంపాటిబుల్ ఎంచుకోండి. ఇప్పటికే తీసినవి దీనితో మారవు, వాటిని మార్చుకోవాల్సిందే.

వెబ్ నుంచి దించుకున్న బొమ్మలు వెబ్‌పీ రకంలో వస్తుంటాయి. గింప్ 2.10 నుంచి దాన్ని తెరుస్తుంది. ఫొటోషాప్‌కు ఆ సదుపాయం 2022లో వచ్చిన 23.2 వెర్షన్ నుంచి ప్లగిన్ లేకుండానే ఉంది. పాత వెర్షన్ తెరవనంటే, విండోస్ పెయింట్‌లో తెరిచి పీఎన్‌జీగా దాచుకోవడం దగ్గరి దారి.

జేపీజీయే ఎందుకు?

ఇంత శ్రమపడి జేపీజీ తీసే ముందు, అది మీ బొమ్మకు తగినదో కాదో కూడా చూడండి. 1992లో ప్రమాణంగా నిలదొక్కుకున్న జేపెగ్ కెమెరా ఫొటోల కోసం పుట్టింది. దానికి పారదర్శకత తెలియదు. వెనక ఏమీ లేకుండా కత్తిరించిన లోగోను జేపీజీగా తీస్తే, ఖాళీ ఉన్నచోట ఫొటోషాప్ తెలుపు నింపుతుంది, గింప్ ఆ సమయానికి బ్యాక్‌గ్రౌండ్ రంగుగా ఉన్నది నింపుతుంది. "నా లోగో చుట్టూ తెల్ల పెట్టె వచ్చింది" అన్న ఫిర్యాదుకు మూలం ఇదే. అలాంటివాటికి, అక్షరాలున్న స్క్రీన్‌షాట్లకు పీఎన్‌జీ వాడండి. గిఫ్‌కు 256 రంగుల పరిమితి ఉంది, ఫొటోలకు పనికిరాదు.

జేపీజీని తెరిచి, మార్చి, మళ్లీ జేపీజీగా సేవ్ చేసిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది. ఒకటి రెండుసార్లకు కంటికి తెలియదు. పదిసార్లు చేసిన ఫొటోలో అక్షరాల అంచుల చుట్టూ దుమ్ము పట్టినట్టు కనిపిస్తుంది. దాన్ని తర్వాత పీఎన్‌జీకి మార్చినా పోయిన వివరం తిరిగి రాదు, ఫైలు మాత్రం ఉబ్బుతుంది. అందుకే పని ఫైలు వేరుగా ఉండాలనేది.

పరిమాణానికి హద్దు ఉన్నచోట, ఉదాహరణకు ఫొటో 100 కేబీ లోపు ఉండాలన్నచోట, ముందు పిక్సెళ్లు తగ్గించండి, ఆ తర్వాతే నాణ్యత తగ్గించండి. గింప్ జేపెగ్ ఎక్స్‌పోర్ట్ పెట్టెలో నాణ్యత 90 దగ్గర ఉంటుంది. అక్కడే షో ప్రివ్యూ అన్నదానికి టిక్కు పెడితే ఫైలు ఎంత అవుతుందో అంచనా కనిపిస్తుంది. గీటును జరుపుతూ సరిపోయేచోట ఆగవచ్చు. మూడు వేల పిక్సెళ్ల ఫొటోను నాణ్యత 10కి దించి 100 కేబీలో ఇరికించే బదులు, ఆరేడు వందల పిక్సెళ్లకు కుదించి 85లో ఉంచితే ముఖం ముఖంలా ఉంటుంది.

అన్నీ సరిగ్గానే ఉన్నా మాట వినకపోతే

అప్పుడు సాఫ్ట్‌వేర్ సెట్టింగుల ఫైలు చెడిపోయి ఉండవచ్చు. గింప్ ప్రిఫరెన్సెస్ పెట్టె కిందనే రీసెట్ బొత్తం ఉంది. ఫొటోషాప్‌ను తెరుస్తున్న క్షణంలోనే కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ మూడూ నొక్కిపట్టండి (మ్యాక్‌లో కమాండ్, ఆప్షన్, షిఫ్ట్). సెట్టింగులు తుడిచేయమంటారా అని అడుగుతుంది. మీరు చేసుకున్న మార్పులన్నీ పోతాయి కాబట్టి దీన్ని ఆఖరి అస్త్రంగానే ఉంచుకోండి.

తప్పు రకంలో ఇప్పటికే గుట్టగా పేరుకున్న ఫైళ్లను ఒక్కొక్కటిగా తెరవనక్కర్లేదు. ఫొటోషాప్‌లో ఫైల్, స్క్రిప్ట్స్, ఇమేజ్ ప్రాసెసర్ ఫోల్డర్ మొత్తాన్ని జేపెగ్‌గా మారుస్తుంది. ఫొటోషాప్ లేకపోతే విండోస్‌లో ఇర్ఫాన్‌వ్యూ అనే బొమ్మల ప్రోగ్రామ్ పెట్టుకుని, దాన్ని తెరిచి బీ మీట నొక్కండి, బ్యాచ్ కన్వర్షన్ పెట్టె వస్తుంది. 2021లో వచ్చిన మాంటెరీ నుంచి మ్యాక్‌లో అదనంగా ఏ ప్రోగ్రామూ అక్కర్లేదు. ఫైండర్‌లో ఫైళ్లన్నీ ఎంచుకుని కుడి బొత్తం నొక్కి క్విక్ యాక్షన్స్‌లో కన్వర్ట్ ఇమేజ్ ఎంచుకుంటే సరి. మార్చిన ఫైళ్లు వేరే ఫోల్డర్‌లో పడేలా చూసుకోండి. ముందు రెండు మూడు ఫైళ్లతో ప్రయత్నించి, వాటిలో ఒకదాని నకలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి మొదటి వరుస చూసుకున్నాకే మిగతా గుట్ట మీదకు వెళ్లండి.